కొత్త టైరుకు కత్తిగాట్లా?

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో నూటికి తొంభై మైలేజీ గురించే ఉంటాయి. 'లీటరుకు ఎంతిస్తుందండీ?' అని. మిగతా పదిలో సగం సెకండ్ హ్యాండ్ కారు కొనొచ్చా అని. అందుకే కిందటి నెలలో తెనాలి నుంచి వచ్చిన నాలుగు పేజీల ఉత్తరం చదివి, మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి చదివాను.

రాసినాయన ఆర్టీసీ టైర్ల షాపులో ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యను. ఉత్తరంలోని అసలు సంగతి మాత్రం ఆయన మాటల్లోనే...

''మా అబ్బాయికి కాలిఫోర్నియాలో ఉద్యోగం. జీపు కొన్నాడు. సంతోషం. దానికి నాలుగు కొత్త టైర్లు తెప్పించాడు. రెండు వేల డాలర్ల పైనే అయ్యాయట. అదీ ఓర్చుకున్నాను. మొన్న ఆదివారం వాట్సాప్‌లో వీడియో చూపించాడు. కరెంటుతో కాలే కత్తి ఒకటి పట్టుకుని ఆ కొత్త టైర్లకు గాట్లు పెడుతున్నాడు! వెన్న కోసినట్టు రబ్బరు ఊడి వస్తోంది. అరిగిన టైరును బఫింగ్ చేసి, సొల్యూషన్ పూసి, కొత్త రబ్బరు తొడిగి మళ్ళీ బస్సుకెక్కించడం నా సర్వీసంతా నేను చేసిన పని. వీడు చేస్తున్నది దానికి సరిగ్గా తిరగేసిన పని. అడిగితే 'ఇవి మెత్త టైర్లు నాన్నా, బండరాళ్ళు ఎక్కడానికి' అంటాడు. అక్టోబరులో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్తున్నాం. ఆ జీపులోనే తిప్పుతాట్ట. ఎక్కమంటారా, మానమంటారా?''

బాబాయి గారూ, ఎక్కొచ్చో లేదో చివర్లో చెబుతాను. మీరు రబ్బరుతో ముప్పయ్యొక్క ఏళ్ళు కాపురం చేసిన మనిషి. మీకు ఊరికే 'ఏం ఫరవాలేదు' అని చెబితే నమ్మరు. నమ్మకూడదు కూడా. అందుకని ముందు మీవాడు ఏం చేస్తున్నాడో, ఎందుకు చేస్తున్నాడో చూద్దాం. నేనూ కొన్నేళ్ళు అక్కడ ఉండి, ఆ పిచ్చి కాస్త అంటించుకుని వచ్చినవాణ్ణే. అందులో ఓసారి చేతులు కాల్చుకున్నాను కూడా. ఆ ముచ్చటా దాచను.

నడక కంటే నెమ్మది

ఈ ఆటను అక్కడ రాక్ క్రాలింగ్ అంటారు. అంటే బండల మీద పాకడం. పేరుకు తగ్గట్టే బండి పాకుతుంది. గంటకు రెండు మూడు మైళ్ళు, అంతే. పక్కన నడిచే మనిషి బండి కంటే ముందుంటాడు. ముందు నిలబడి 'ఎడమకి తిప్పు, ఆపు, ఇంకో జానెడు' అని చేతులు ఊపుతూ దారి చూపించేవాడు ఒకడుంటాడు. ఇక్కడ గొప్పతనం వేగంలో లేదు. చక్రం జారకుండా, బండి బోల్తా పడకుండా అవతలికి చేరడమే గెలుపు.

దీనికి కాలిఫోర్నియాలో పెద్ద పేరున్న దారి రూబికాన్ ట్రెయిల్. సియెరా నెవాడా కొండల్లో తాహో సరస్సు వైపు వెళ్ళే దారి, సుమారు 22 మైళ్ళు. మన లెక్కలో 35 కిలోమీటర్లు. విజయవాడ నుంచి తెనాలి దాకా అనుకోండి. మనకు అది గంటలోపు ప్రయాణం. అక్కడ చాలామంది మధ్యలో డేరా వేసుకుని రెండు రోజులు పెట్టుకుంటారు. దారంటే గ్రానైటు గుండ్లు. కొన్ని కుర్చీ అంత, కొన్ని కారు అంత. 1953 నుంచి ఏటా జీపులవాళ్ళు జాతరలా అక్కడ కలుస్తున్నారు. ఈ దారి పేరే పెట్టి జీపు కంపెనీ 2003 మోడల్‌గా ఒక బండి దించింది. దాని లో గేరు ఎంత బలమైనదంటే, యాక్సిలరేటరు మీద కాలు పెట్టకుండానే బండి రాయెక్కేస్తుంది.

ఇంజనుకు బలముంది, గేరుకు ఓపికుంది. ఇక మిగిలింది ఒక్కటే. ఆ బలాన్ని రాతికి అందించేది అరచేతులంత నాలుగు చోట్ల ఆనే రబ్బరు. అది జారితే మిగతా బండి ఎంత గొప్పదైనా దండగే.

లాడం జారింది, రబ్బరు పట్టింది

యూటా రాష్ట్రంలో మోయాబ్ అని ఓ ఊరు. ఎర్రటి ఇసుకరాయి గుట్టల మధ్య ఉంటుంది. అక్కడ 1967 నుంచి ప్రతి ఈస్టరుకూ జీపుల పండగ జరుగుతోంది. ఆ రాతిని అక్కడివాళ్ళు 'స్లిక్ రాక్' అంటారు. జారుడు బండ అన్నమాట. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ పేరు విని భయపడ్డాను. తీరా బండి ఎక్కిస్తే గోడకు బల్లి అంటుకున్నట్టు అంటుకుంది. పేరుకూ గుణానికీ పొంతన లేదేమిటని అడిగితే ఓ పెద్దాయన నవ్వాడు. పూర్వం ఆ పేరు పెట్టినవాళ్ళు గుర్రాల మీద వచ్చారట. ఇనప లాడాలు ఆ రాతి మీద సర్రున జారేవట. రాయి అదే. మారింది దానిమీద ఆనిన వస్తువు.

మొత్తం రహస్యం ఇక్కడే ఉంది. ఇనుము గట్టిది. రాతి మీద చిన్న చిన్న మొనల నెత్తిన నిలబడుతుంది, జారుతుంది. రబ్బరు మెత్తనిది. రాతి గరుకులోకి, సందుల్లోకి దిగి కూర్చుంటుంది. ఎంత మెత్తనైతే అంత లోపలికి దిగుతుంది. రాతిని పిండిలా పట్టుకుంటుంది. చాలామంది అనుకుంటారు, బండలెక్కాలంటే ట్రాక్టరు టైరులా పెద్ద పెద్ద దిమ్మలుండాలని. బురదకు అది నిజమే. రాతికి దిమ్మ ఎత్తు కంటే రబ్బరు మెత్తదనం ముఖ్యం.

ఈ మెత్తదనాన్ని కొలవడానికి చిన్న పరికరం ఉంది. డ్యూరోమీటరు అంటారు. మొన ఉన్న గడియారంలా ఉంటుంది. టైరుకు నొక్కితే షోర్ ఎ లెక్కలో అంకె చూపిస్తుంది. మామూలు రోడ్డు టైరు ఇంచుమించు 60కీ 70కీ మధ్య ఉంటుంది. బండల పోటీలకు చేసే జిగురు టైరు 50 చుట్టుపక్కలకు దిగుతుంది. అంకెల్లో చిన్న తేడాలా కనిపిస్తుంది. గోరుతో నొక్కి చూడండి, పెద్ద తేడా. ఎండలో చూస్తే మెత్తగా, మంచులో చూస్తే గట్టిగా చూపిస్తుంది కాబట్టి రెండు టైర్లను పోల్చాలంటే ఒకే వేళ, ఒకే నీడన కొలవాలి.

పరికరం లేకపోతే ఇంకో పద్ధతి. ఓ ఇనప గోళీని టైరు మీద వదలండి. గట్టి టైరు మీద ఎగిరి దూకుతుంది. జిగురు టైరు మీద చప్పబడిపోతుంది. ఆ రబ్బరు దెబ్బను మింగేస్తుందన్నమాట. నొక్కితే వెంటనే వెనక్కి రాదు, బద్ధకంగా వస్తుంది. ఆ బద్ధకమే రాతి మీద పట్టు.

బాబాయి గారూ, ఈ బద్ధకం అన్న మాట గుర్తుపెట్టుకోండి. కథ మళ్ళీ దాని దగ్గరికే వస్తుంది.

టైరు ఎలా ఎంచాలి?

1839లో చార్లెస్ గుడ్ ఇయర్ రబ్బరును గంధకంతో వేడిచేసి చూసేదాకా రబ్బరు ఎండకు కారిపోయేది, చలికి పెళుసెక్కేది. అప్పటి నుంచీ టైరు చేసేవాళ్ళ బాధ ఒక్కటే. మెత్తగా చేస్తే అరుగుతుంది, గట్టిగా చేస్తే జారుతుంది. ప్రతి టైరూ ఈ రెంటి మధ్య ఏదో ఒకచోట కుదిరిన రాజీ. బండల టైరు కొనేవాడు ముందు తనకే రాజీ కావాలో తేల్చుకోవాలి.

బండిని ట్రెయిలరు మీద పెట్టుకుని కొండ దాకా తీసుకెళ్ళి, అక్కడ దించి ఆడుకునేవాడైతే అసలు సిసలు పోటీ టైరు కొనుక్కోవచ్చు. బీఎఫ్ గుడ్‌రిచ్ వాళ్ళ క్రాలర్ టైర్లలో 'రెడ్ లేబుల్' అని ఒకటి ఆ లోకంలో బాగా పేరు తెచ్చుకుంది, అది ఈ జాతిదే. ఇలాంటివాటి పక్కగోడ మీద రోడ్డు మీద వాడకూడదని ఇంగ్లీషులో అచ్చుపోసి ఉంటుంది. అక్కడి రవాణా శాఖ వాళ్ళ 'డీఓటీ' గుర్తు ఉండదు. తారు రోడ్డు మీద తిప్పితే పెన్సిలు చివరి రబ్బరులా అరిగిపోతాయి.

మీ అబ్బాయిలా అదే బండిలో ఆఫీసుకీ, అదే బండిలో కొండకీ వెళ్ళేవాడు ఆ జోలికి పోకూడదు. రోడ్డు గుర్తు ఉన్న మడ్ టైర్లలోనే కాస్త మెత్తటి రబ్బరున్నది వెతుక్కోవాలి. పట్టు కొంచెం తగ్గుతుంది. ఇల్లు చేరడం ఖాయమవుతుంది.

తర్వాత పక్కగోడ. రోడ్డు మీద మేకు గుచ్చుకునేది కింద. కొండ మీద రాయి కోసేది పక్కన. అందుకే పక్కగోడలో మూడు పొరల గుడ్డ ఉన్న టైర్లను వెతుకుతారు. పొరలు మరీ ఎక్కువైతే టైరు బిర్రుగా తయారై రాతి మీద వంగదు. అక్కడా రాజీయే.

బరువూ చూడాలి. గొట్టాలతో కట్టిన తేలికపాటి పోటీ బండికి సరిపడే మెత్త రబ్బరు రెండు టన్నుల జీపు కింద దిమ్మలు దిమ్మలుగా ఊడిపోతుంది. ఎవరో పోటీల్లో గెలిచాడని అదే టైరు మనం తగిలిస్తే ఇదే జరుగుతుంది.

చివరగా వయసు. ఇది మన ఊళ్ళో కారున్న ప్రతివాళ్ళకీ పనికొచ్చే ముక్క. టైరు పక్కగోడ మీద అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి. 2322 అని ఉంటే 2022వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. రబ్బరు వాడకపోయినా గట్టిపడుతుంది. ఎండ, గాలి దాన్ని తింటాయి. ఎంత మెత్త టైరైనా ఎండలో నాలుగైదేళ్ళు పడుంటే మామూలు టైరైపోతుంది. 'సగం ధరకే జిగురు టైర్లు' అని ఎవడైనా అంటే ముందు ఆ నాలుగంకెలు అడగాలి.

కొందరు గట్టిపడ్డ టైరును మెత్తబరచడానికి మందులు పూస్తారు. పెయింట్లు కరిగించే ద్రావకాల్లాంటివి. పైన నాలుగు రోజులు జిగురుగా అనిపిస్తుంది. లోపల పొరల మధ్య బంధాన్ని కూడా ఆ మందు సడలిస్తుంది. పీలిస్తే మనిషికీ చేటే. మీవాడి గరాజులో అలాంటి డబ్బా కనిపిస్తే మాత్రం మొహమాటం లేకుండా పారేయించండి.

పైసా ఖర్చులేని మార్పు

బండలెక్కే ముందు టైరుకు చేసే మార్పుల్లో అన్నిటికంటే గొప్పది గాలి తియ్యడం. రోడ్డు మీద 30, 35 పౌండ్లుండే గాలిని కొండ కింద ఆపి 15కో 12కో దించుతారు. టైరు నేల మీద పరుచుకుంటుంది. వెడల్పు కంటే పొడుగు ఎక్కువ పెరుగుతుంది. రాయి మీద అరిసె ముద్దలా సర్దుకుంటుంది. గట్టి టైరులో గాలి తీసినవాడు, మెత్త టైరు కొని గాలి తియ్యనివాడి కంటే బాగా ఎక్కుతాడు. రెండు వేల డాలర్ల పనిలో సగం ఆ చిన్న వాల్వే చేసిపెడుతుంది.

ఇంకా దించితే టైరు రిమ్ము నుంచి జారిపోతుంది. అందుకే బీడ్ లాక్ అని ఒకటి కనిపెట్టారు. రిమ్ముకు బయట ఇనప పట్టీ పెట్టి, రెండు డజన్ల పైచిలుకు బోల్టులతో టైరు అంచును బిగించేస్తారు. అప్పుడు ఏడెనిమిది పౌండ్లతో కూడా తిరగొచ్చు. ఆ బోల్టులను ఎదురెదురుగా, సమానంగా బిగించాలి. కొత్తగా వేశాక మళ్ళీ మళ్ళీ చూసుకోవాలి. కొందరు ముందు టైర్లలో నీళ్ళు కూడా నింపుతారు. బరువు కిందికి చేరి నిటారు ఎక్కుళ్ళలో ముందు చక్రాలు లేవకుండా ఉంటాయి. అదంతా పాకే బండికే. ఆ నీళ్ళతో హైవే ఎక్కితే బండి దడదడలాడుతుంది.

నేను చేసిన తప్పు

ఇక నా ముచ్చట. చాలా ఏళ్ళ కిందటి మాట. మూడు జీపుల్లో రూబికాన్ దారిన రెండు రోజులు పాకి, సాయంత్రం పొద్దు వాలుతుంటే తాహో సరస్సు దగ్గర తారు రోడ్డెక్కాం. నా టైర్లలో 12 పౌండ్లు. గాలి కొట్టే చిన్న యంత్రం నా దగ్గర ఉంది, దాని ఫ్యూజు కొండ మీదే పోయింది. మిగతా రెండు జీపులవాళ్ళూ గాలి కొట్టుకుంటున్నారు. 'మాదయ్యాక నీకూ కొడతాం, అరగంట ఆగు' అన్నారు. నాకు ఆకలి. వెనక సీట్లో మిత్రుడి భార్య, వాళ్ళ ఆరేళ్ళ పాప. పాప నిద్రకొస్తోంది. 'ముందు పెట్రోలు బంకులో కొట్టించుకుంటాలే' అని బయల్దేరాను.

మొదటి బంకులో గాలి యంత్రం పనిచెయ్యలేదు. తర్వాతి బంకు ఎంతో దూరం ఉండదులే అనుకున్నాను. వెనకనుంచి కార్లు లైట్లు కొడుతున్నాయి. సిగ్గేసి వేగం పెంచాను. నలభై మైళ్ళు, యాభై మైళ్ళు. స్టీరింగు పడవ తెడ్డులా ఊగుతోంది. బండలెక్కి దిగిన బండి కదా, అలాగే ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

పాపే ముందు పసిగట్టింది. 'అంకుల్, ఏదో మాడుతోంది' అంది.

పక్కకు ఆపి దిగాను. వెనక కుడి టైరు పక్కగోడ మీద చెయ్యి వేసి వెంటనే లాగేసుకున్నాను. పెనం మీద వేసినట్టుంది. ఇంకో పది నిమిషాలు నడిపి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆ రోడ్డు పక్కన లోయ.

మర్నాడు టైర్ల షాపులో ఆ టైరు రిమ్ము నుంచి విప్పారు. లోపల నల్లటి పొడి. గుప్పెడు. పక్కగోడ లోపల చుట్టూ ఒక గీత, ఎవరో ఉప్పుకాగితంతో రుద్దినట్టు. షాపులో ముసలాయన ఆ పొడిని తెల్ల కాగితం మీద పోసి నా ముందు పెట్టాడు. ఒక్క మాటా అనలేదు.

బాబాయి గారూ, ఆ పొడి మీకు కొత్త కాదు. గాలి తక్కువతో నడిచి వచ్చిన బస్సు టైరు విప్పినప్పుడు మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారో! పైకి టైరు బాగానే ఉంటుంది. లోపల కేసింగ్ చచ్చిపోయి ఉంటుంది. దాన్ని చూసి 'ఇది రీట్రెడింగ్‌కు పనికిరాదు' అని పక్కన పడేసి ఉంటారు.

ఇప్పుడు ఆ బద్ధకం దగ్గరికి వద్దాం. మెత్త రబ్బరు నొక్కితే బద్ధకంగా వెనక్కి వస్తుందన్నాను. అలా ప్రతి నొక్కుడుకీ మింగిన శక్తి ఎక్కడికి పోతుంది? వేడిగా మారుతుంది. గంటకు రెండు మైళ్ళ మీద ఆ వేడి లెక్కలోకి రాదు. హైవే మీద చక్రం నిమిషానికి కొన్ని వందల సార్లు తిరుగుతుంది. ప్రతి తిరుగుడుకీ నలుగుతుంది. గాలి తక్కువైతే ఇంకా నలుగుతుంది. రాతి మీద పట్టునిచ్చిన గుణమే రోడ్డు మీద నిప్పవుతుంది. గుణం ఒక్కటే, చోటు వేరు. గుర్రపు లాడం కథే మళ్ళీ తిరగబడి వచ్చింది.

కత్తి సంగతి

ఇక మీ అసలు బెంగ, కత్తి. మీవాడు చేస్తున్నది తెలిసి చేసే పనే. దానికి అర్థం ఉంది. పెద్ద దిమ్మ అంచులే రాతిని పట్టుకుంటాయి. ఓ దిమ్మను రెండు చేస్తే అంచులు పెరుగుతాయి, దిమ్మ వంగుతుంది, రాయి చుట్టూ ఇంకా బాగా సర్దుకుంటుంది. అడ్డంగా కోస్తే ఎక్కేటప్పుడు పట్టు. టైరు చుట్టూ నిలువుగా కోస్తే పక్క వాలులో జారకుండా పట్టు. దీన్ని గ్రూవింగ్ అంటారు. రబ్బరు ముక్క తీసెయ్యకుండా బ్లేడుతో సన్నగా చీల్చడం ఇంకో పద్ధతి. దానిపేరు సైపింగ్. 1920ల్లో దానికి పేటెంటు తీసుకున్న సైప్ అనే అమెరికన్ పేరు మీద వచ్చింది. మంచుకూ తడి రోడ్డుకూ అది మేలు. పదునైన రాళ్ళ మీద, అందులోనూ మెత్త రబ్బరుకు, ఆ చీలికల దగ్గరే ముక్కలు ఊడిపోతాయి. బండలకు నేనైతే వద్దంటాను.

మీ ఉత్తరంలో మీరు రాయని భయం ఒకటుంది, నాకు తెలుసు. మన హైవేల పక్కన నున్నగా గుండైపోయిన లారీ టైరుకు గాడి తవ్వి, కొత్తదానిలా చేసి అమ్మేవాళ్ళను మీరు చూశారు. అది చూసిన కంటికి ఇదీ అదే అనిపిస్తుంది. అది అసలు రబ్బరే మిగలని టైరును తవ్వి గుడ్డ దాకా వెళ్ళడం, కొనేవాణ్ణి మోసం చెయ్యడం. మళ్ళీ గాడి తియ్యడానికి వీలుగా అడుగున అదనపు రబ్బరుతో తయారుచేసే లారీ టైర్లుంటాయి. వాటి మీద 'రీగ్రూవబుల్' అని రాసే ఉంటుంది. అది లేనిదాన్ని తవ్వి రోడ్డు మీదికి అమ్మడం అమెరికాలోనూ నేరమే. మీవాడు దిమ్మల నిండా రబ్బరున్న కొత్త టైరును, తన బండి కోసం, పైపైన కోస్తున్నాడు. తేడా ఉంది. అయితే కత్తి కత్తే. దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి.

ఉన్న గాడి అడుగు కంటే లోతుకు బ్లేడు దిగకూడదు. దాని కింద ఉక్కు తీగలను కాపాడే పలచటి రబ్బరు ఉంటుంది. అది తెగితే నీరు దిగి తుప్పు పడుతుంది. బ్లేడు అడుగు గుండ్రంగా ఉండాలి. మొనలా ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. చిరిగిన బట్ట మూల దగ్గర ఇంకా చిరిగినట్టే. భుజం దాటి పక్కగోడ మీద కత్తి ఆననే కూడదు. దిమ్మలను మరీ చిన్నవిగా కొయ్యకూడదు, వేళ్ళు లేని చెట్టులా పెరికేసుకుపోతాయి. పొగ పీల్చకూడదు, తలుపులు తీసి పెట్టుకుని చెయ్యాలి. ఇక కంపెనీ వారంటీ సంగతి, మొదటి గాటుతోనే దానికి నమస్కారం.

ఎక్కాలా, మానాలా?

ఇప్పుడు మీ ప్రశ్న. జీపు ఎక్కే ముందు నాలుగు చూడండి. మీకంటే బాగా చూడగలిగేవాళ్ళు ఆ రాష్ట్రంలో ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే.

ఒకటి, పక్కగోడ చదవండి. డీఓటీ గుర్తు ఉందా? రోడ్డుకు పనికిరాదని రాసి ఉందా? రాసి ఉంటే ఆ జీపు ట్రెయిలరు ఎక్కాలి, మీరు కారెక్కాలి. వాదన వద్దు.

రెండు, గాట్లలోకి వేలు పెట్టి చూడండి. ఎక్కడైనా గుడ్డ గానీ తీగ గానీ కనిపించిందా? గాటు అడుగున వెంట్రుకవాసి పగులైనా ఉందా? ఉంటే ఆ టైరు పని అయిపోయింది. మీరు షాపులో చెప్పిన మాటే మీవాడికీ చెప్పండి.

మూడు, గాట్లు పెట్టిన టైర్లతో హైవే మీద ఎంత దూరం వెళ్తాడో అడగండి. డీఓటీ గుర్తున్న టైరైనా సరే, కత్తి పడ్డాక అది కంపెనీ పరీక్షించిన టైరు కాదు. రోజూ ఆఫీసుకు వెళ్ళడానికి ఇంకో నాలుగు మామూలు టైర్లు ఉంచుకుని, కొండకు వెళ్ళేటప్పుడే వీటిని బిగించుకోమని చెప్పండి. ఖర్చే. ఆ కత్తికి పెట్టిన డబ్బు కంటే మంచి ఖర్చు.

నాలుగు, గాలి యంత్రం ఎక్కడుందో చూపించమనండి. నడిపించి చూడండి. దాని పక్కన అదనపు ఫ్యూజు ఉందో లేదో చూడండి. కొండ దిగి తారు రోడ్డెక్కగానే నాలుగు టైర్లకూ గాలి నిండేదాకా బండి కదలకూడదు. ఆకలేసినా, పిల్లలు ఏడ్చినా, వెనకవాడు లైట్లు కొట్టినా. నాకు ఆరోజు అరగంట ఎక్కువనిపించింది. ఆ కాగితం మీది నల్లపొడి చూశాక ఇంకెప్పుడూ అనిపించలేదు.

ఈ నాలుగూ కుదిరితే ఎక్కండి బాబాయి గారూ, నిశ్చింతగా ఎక్కండి. పిన్ని గారిని కూడా ఎక్కించండి. బండ మీద జీపు ఒక పక్కకు ఒరిగినప్పుడు గుండె ఝల్లుమంటుంది. కళ్ళు మూసుకోకండి. కిటికీలోంచి వంగి ముందు చక్రం వైపు చూడండి. మీరు ముప్పయ్యొక్క ఏళ్ళు చేత్తో తడిమిన రబ్బరే, ఓ రాతి ముక్కును మెల్లగా తనలోకి ఇముడ్చుకుని బండిని పైకి లాగుతూ కనిపిస్తుంది. మీవాడు ఎందుకు కోశాడో అప్పుడు మీకు నా కంటే బాగా అర్థమవుతుంది. వాడు కోసిన గాటు బాగుందో లేదో కూడా మీకే తెలుస్తుంది. బాగోకపోతే కత్తి మీరే తీసుకుని చూపించండి. మెషీను చెయ్యి మారినంత మాత్రాన పనితనం పోదు కదా!

అన్నట్టు, సూట్‌కేసులో ఆవకాయ సీసా పక్కన మీ పాత గాలి గేజీ ఒకటి పడేసుకోండి. మీవాడి యంత్రం చూపించే అంకె నిజమో కాదో తేల్చడానికి ఇంట్లో ఇంకో గేజీ ఉండటం ఎప్పుడూ మంచిదే.